రెండు జిల్లాల అవతల

18 నవంబరు 1987

ఠాణా నుంచి హవల్దారు వచ్చి మా ఆయన చేతికి ఒక కాగితం ఇచ్చి, సంతకం తీసుకుని పోయాడు. మరాఠీలో ఉంది. ఆయన గుమ్మంలో నిలబడే చదివి నవ్వాడు.

“నేను గూండానంట చంద్రా. జోడ్‌భావి పేట్‌ల నన్ను చూస్తే జనం తలుపులు పెట్టుకుంటరంట.”

అత్త గోడకు ఆనుకుని బీడీలకు దారం కడుతోంది. “ఏంది రా సిద్ధరాములు, ఏమంటుండ్రు?” అని అడిగింది.

“ఏం లేదమ్మా. సర్కారుకు కూడ మజాక్ చేయబుద్ధయింది.”

తర్వాత నేను చదివాను. ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివినా నాకు మరాఠీ వచ్చు. సోలాపూర్, ఉస్మానాబాద్ జిల్లాల నుంచి రెండేళ్ళ పాటు నిన్నెందుకు బయటికి పంపకూడదో వచ్చి చెప్పుకో అని ఉంది. దీన్ని తడీపార్ అంటారు. దొంగసారా కాచేవాళ్ళను, మట్కా ఆడించేవాళ్ళను చేస్తారని విన్నాను. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చద్దర్లు నేసుకునే మనిషిని చేస్తారని వినలేదు.

దీపావళి ముందు జరిగిన సంపు, ఆ సమ్మె మీది కోపమే ఇది. ఈయన పనిచేసే లింగయ్య సేఠ్ షెడ్డు ఒకటే, కప్పు ఒకటే. కాగితాల్లో మాత్రం భార్య పేరున ఒక ముక్క, అల్లుడి పేరున ఒక ముక్క, తమ్ముడి పేరున ఇంకొకటి. ముక్క చిన్నదైతే ఫ్యాక్టరీ చట్టం దాని దగ్గరికి రాదు. సెలవు లేదు, ఫండు లేదు, రేపటి నుంచి రావద్దంటే అడిగే దిక్కు లేదు. మేమంతా ఒక్క ఫ్యాక్టరీ పనివాళ్ళమని ఒప్పుకోండి అని సాంచాలు ఆపారు. ముందు నిలబడి మాట్లాడింది ఈయన. వారం తిరక్కుండానే అందరూ మళ్ళీ పనికి పోయారు. ఈయనను మాత్రం లోపలికి రానివ్వలేదు.

లింగయ్య సేఠ్ మా పద్మశాలీయే. మార్కండేయుడి రథం నాడు ఈయన భుజం మీద చెయ్యేసి నడిచాడు.

ఏం కాదులే. మేము ఎవరినేం చేశామని.

22 నవంబరు

తమ్ముడు దత్తాత్రి వచ్చాడు. పద్మకు జామకాయలు తెచ్చాడు. నా బిడ్డకు మేనమామ అంటే ప్రాణం. వాడిదీ అదే షెడ్డులో పని.

“బావా, సేఠ్ కాడికి ఒక్కసారి పోయిరారాదు. కాళ్ళు పట్టుకొమ్మంటలేను. ఊకె కలువు.”

“కలిసి ఏమనాలె? నేను గూండాను కాదు సేఠ్ అనాల్నా?”

వాడు నవ్వలేదు. ఈ ఇద్దరూ కలిస్తే మాటకు మాట ఆగదు, నవ్వులతో ఇల్లు ఎగిరిపోతుంది. ఈసారి అన్నం కూడా తినకుండా పోయాడు. ఇంట్లో శాంతకు బాగాలేదన్నాడు. పాపం, పెళ్ళాం మంచం పడితే ఏ మగవాడికి అన్నం సయిస్తుంది.

6 డిసెంబరు

బాలయ్య వకీలు దగ్గరికి పోయాం. ఆయన తండ్రి కూడా మగ్గం మీద బతికినవాడే. మనలాగే మాట్లాడతాడు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ చెప్పాడు, ముగ్గురు మనుషులు పోలీసుల ముందు గుప్తంగా సాక్ష్యం ఇచ్చారట.

“ఎవరు?” అన్నాడు ఈయన.

“పేర్లు చెప్పరు. చెప్తే నువ్వు వాళ్ళను ఏమన్న చేస్తవని భయమంట. చట్టమే గట్లుంది. ఏమన్నరో కొంచెం చెప్తరు, ఎవరన్నరో చెప్పరు.”

“మరి నేను ఎవరికి జవాబియ్యాలె? గోడకా?”

వకీలు ఒక్కొక్కటీ చదివాడు. ఒకడు, కార్ఖానా గేటు దగ్గర నన్ను నెట్టాడు అన్నాడట. ఇంకొకడు, సంపుకి చందా ఇవ్వకపోతే చూసుకుంటానన్నాడు అన్నాడట. మూడోవాడు చెప్పినది, దీపావళి ముందు ఒక సాయంత్రం సిద్ధరాములు తన ఇంట్లోనే, చేతిలో పదునైన ఆయుధం పట్టుకుని, రేపు పనికి పోతే కాళ్ళు నరుకుతానన్నాడని.

ఈయన మొహం చూశాను. ఈయన నా మొహం చూశాడు.  

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. పని లేదు కదా అని ఈయన నా పక్కన కూర్చుని కత్తెరతో తునికాకు కత్తిరిస్తున్నాడు. దత్తాత్రి వచ్చి, సంపు ఎప్పుడు తెగుతుందో, రేపు నేను పనికి పోత బావా అన్నాడు. ఈయన కత్తెర ఆడించి, “పో బామ్మర్ది పో. నీ కాళ్ళు కత్తిరిచ్చి మీ అక్కకిస్త, బీడీలు చుట్టుకుంటది” అన్నాడు. అత్త నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. అందరం నవ్వాం.

ఎవరో గోడ అవతల విన్నారు. మాది బీడీ పనివాళ్ళ ఘర్కుల్ కాలనీ. ఘర్కుల్‌లో గోడలు ఎంత పలచనో అందరికీ తెలిసిందే. ఈ ఇంట్లో గిన్నె పడితే ఆ ఇంట్లో పిల్ల లేస్తుంది.

7 డిసెంబరు

పక్కింటి గంగుబాయి విని ఉంటుంది. కానీ గంగుబాయి అట్లాంటిది కాదు. ఆ వైపు ఇంట్లో అద్దెకున్న వాళ్ళెవరో అప్పుడు ఉన్నారు కదా. ఇప్పుడు ఖాళీ చేసి పోయారు. వాళ్ళే.

20 జనవరి 1988

కచేరీలో విచారణ. సిద్ధరామేశ్వరుడి జాతర దుకాణాలు ఇంకా తీయలేదు, దారంతా బొమ్మలు, గాజులు. ఆ దేవుడి పేరే పెట్టుకున్న మనిషిని ఊళ్ళో ఉంచమని అడుక్కోవడానికి పోతున్నాం.

మంచివాడని చెప్పడానికి షెడ్డు నుంచి చాలామంది వస్తామన్నారు. వచ్చింది గంగుబాయి ఒక్కతే. ఉతికిన చీర కట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది.

కుర్చీలో ఉన్న సాబ్ మరాఠీలో అడిగాడు, ఈ మనిషంటే నీకు భయమా అని.

“నాకు భయమైతే మీరంటేనే సాబ్” అంది.

సాబ్ నవ్వాడు. పక్కన రాసేవాడు అది రాయలేదు. నేను చూశాను, కలం కదలలేదు.

దత్తాత్రి ఎందుకు రాలేదని ఈయన అడగలేదు. నేనే చెప్పాను, సెలవు దొరికి ఉండదని. నోరెత్తితే షెడ్డు నుంచి తీసేస్తారు, పిల్లలున్నవాడు.

11 ఫిబ్రవరి

ఆర్డరు వచ్చేసింది. రెండేళ్ళు.

12 ఫిబ్రవరి

పొద్దున జీపు వచ్చింది. ఒక సంచి సర్దాను. రెండు జతల బట్టలు, దుప్పటి, పద్మ ఫోటో. అత్త కొడుకు తల మీద చెయ్యి పెట్టబోతే హవల్దారు “చలో, చలో” అన్నాడు. అట్లా గట్టిగా కూడా అనలేదు, పాపం వాడికీ ఇది రోజూ చేసే పనే.

వీధిలో అందరూ బయటికొచ్చి నిలబడ్డారు. దుధ్‌నీ స్టేషన్ దాటించి, కర్ణాటక హద్దులో దింపి వస్తారట. దొంగకైతే జైలుంటుంది, తిండి పెడతారు, ములాఖాత్‌కు పోవచ్చు. ఈయనను జైల్లో వేయలేదు. రెండు జిల్లాలు తప్ప దేశమంతా నీదే పో అన్నారు. ఆయనకు ఉన్నదేమో ఈ రెండు గదులు.

“నాయిన ఊరికి పోయిండా?” అని పద్మ అడిగింది. అవునన్నాను.

15 మార్చి

బీడీలు. బీడీలు. ఆకు బాగాలేదని సగం బీడీలను చాటన్ కింద, పనికిరానివని, తీసి పారేశాడు కార్ఖానావాడు.

3 ఏప్రిల్

గాణగాపూర్ దత్తుడి దర్శనానికని చెప్పి రైలెక్కాను. దర్శనానికి పోలేదు. కబురు పంపినట్టే, స్టేషన్లోనే ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గుల్బర్గాలో పప్పు మిల్లులో పని దొరికిందట, బస్తాలు మోయడం. కనురెప్పల మీద పప్పు పొట్టు దుమ్ము. నేసే చేతులు అట్లా పుళ్ళు పడితే చూడలేకపోయాను.

“సాంచాల చప్పుడు లేక నిద్ర పడ్తలేదు చంద్రా. ఊరు సచ్చినట్టుంటది రాత్రయితే.”

తెచ్చిన జొన్నరొట్టె, పల్లీల పొడి పెట్టాను. తింటూ తింటూ అడిగాడు, “గా మూడోవాడు ఎవరై ఉంటడంటవ్?”

“గోడ అవతలోళ్ళు ఎవరో.”

“ఆ” అన్నాడు. ఇంకో రొట్టె ముక్క తుంచుకున్నాడు. “దత్తాత్రికి చెప్పు, అమ్మను అప్పుడప్పుడు దవాఖానకు తీస్కపొమ్మని.”

తీసుకుపోతున్నాడు అని చెప్పాను. అది నిజం. బియ్యం తెచ్చి పడేస్తాడు, పద్మకు పుస్తకాలు కొన్నాడు, అత్తను ఎత్తుకుని ఆటో ఎక్కిస్తాడు. మొన్న షెడ్డులో వాడిని పనివాళ్ళ మీద ముకద్దం చేశారు. వాడు లేకపోతే మేమేమైపోయేవాళ్ళమో.

10 జూన్

పైకి వేసిన అప్పీలు కొట్టేశారు. వకీలు పెద్ద కోర్టులో కేసు వేద్దామంటే సరేనన్నాను.

27 ఆగస్టు

నూలు పున్నమి. మగవాళ్ళంతా కొత్త జంధ్యాలు వేసుకుని మార్కండేయుడి రథం వెంట పోయారు. దత్తాత్రి రాఖీ కట్టించుకోవడానికి వచ్చాడు. బొట్టు పెట్టి, రాఖీ కట్టి, నోట్లో పేడా పెట్టాను. వాడు నమలలేదు. అట్లాగే కూర్చుని ఏడ్చాడు.

“ఏమైంది రా?”

“అక్కా, గా మూడోవాన్ని నేనే.”

నాకు తెలియదని రాయాలని ఉంది ఇక్కడ. ఎప్పటి నుంచి తెలుసో నాకే తెలియదు.

వాడే చెప్పుకుంటూ పోయాడు. సంపు మూడోనాడు బస్టాపులో పట్టుకుపోయారట. రెండు రాత్రులు ఠాణాలో కూర్చోబెట్టారు. నాతో మాత్రం శాంత పుట్టింటికి పోయానని చెప్పాడు అప్పుడు. నీ పేరు కూడా గూండాల్లో రాశాము, నువ్వు ఒక్క మాట చెప్తే నీది కొట్టేస్తాము అన్నారట.

“ఏం చెప్పాల్నో తెల్వలే అక్కా. బావ మీద చెప్పనీకె ఏముంది? కొట్టుడు ఎక్కువైంది. అప్పుడు గా కత్తెర ముచ్చట యాదికొచ్చింది. మనమందరం నవ్వినం గదా. గిదైతే ఎవ్వరికి ఏం కాదు, మజాక్ ముచ్చట, గిది చెప్తే ఇడిసిపెడ్తరు అనుకున్న. చెప్తే వాళ్ళు గూడ నవ్విండ్రు.”

“నవ్విండ్రా?”

“నవ్విండ్రు. తర్వాత రాసి చదివి వినిపిచ్చిండ్రు. అండ్ల కత్తెర లేదు. బీడీలు లేవు. పదునైన ఆయుధం అని ఉంది. సంతకం పెట్టిన.”

అత్త లోపల పడుకుని ఉంది. వినిందో లేదో. పద్మ రథం చూడడానికి గంగుబాయి వెంట పోయింది. వీధి అంతా డప్పులు.

కొట్టాలనిపించలేదు. చిన్నప్పుడు వీడికి అమ్మ లేనప్పుడు నేనే అన్నం కలిపి పెట్టాను. ఆ మొహమే ఇది. అన్నిట్లోకీ ఎవరికీ ఏమీ కాని మాట వెతికి మరీ ఇచ్చాడు వాడు.

“వకీలు ముందట చెప్తవా ఈ మాట?”

“చెప్త” అన్నాడు.

శాంతకు కూడా తెలుసట. మొదటి నుంచీ.

2 సెప్టెంబరు

బాలయ్య వకీలు అంతా విన్నాడు. నేను ఇంకేముంది, ఆయన రేపే వచ్చేస్తాడు అన్నంత సంబరంగా కూర్చున్నాను. వకీలు కాగితం తీయలేదు.

“దత్తాత్రి, నువ్వు పోయి అది అబద్ధమని చెప్తే వాళ్ళేమంటరో తెల్సా? చూడుండ్రి సాబ్, రెండు జిల్లాల అవతల ఉండి గూడ సాక్షిని బెదిరిచ్చిండు, జనానికి ఎంత భయమో చూడుండ్రి అంటరు. మనం ఇచ్చే కాగితమే వాళ్ళకు సబూత్ అయితది.”

“నేను నా నోటితోని చెప్తున్న గద సార్, ఎవ్వరు బెదిరియ్యలేదని.”

“భయపడ్డోడు గూడ గదే చెప్తడు.”

“మరి నిజంగ భయం లేనోడు ఏం చెప్తడు?”

వకీలుకు సిగ్గుగా ఉన్నట్టుంది. పుస్తకం తెరిచి ఏదో వెతికినట్టు చేసి మూసేశాడు.

“వద్దమ్మా” అన్నాడు నాతో. “సాక్షి పేరు బయటికి రావద్దనే ఈ చట్టం రాసిండ్రు. ఇప్పుడు పేరు నువ్వే బయటికి తీస్తున్నవ్. ఇగ తమ్మునికి గూడ నీడ ఉండది.”

ఒప్పుకోలేదు నేను. అబద్ధాన్ని అబద్ధమని చెప్తే కూడా తప్పవుతుందా, కోర్టులో వేయండి సార్ అన్నాను. దత్తాత్రి నా మొహం చూసి, పెట్టమన్న చోట సంతకం పెట్టాడు. బయటికొచ్చాక చెరుకు రసం తాగించాడు. “మంచిగనిపిస్తుంది అక్కా” అన్నాడు. మొహం తేటగా ఉంది.

19 సెప్టెంబరు

మంచే జరుగుతుంది. నిజం నిజమే కదా.

5 అక్టోబరు

పోలీసులు దత్తాత్రిని షెడ్డు నుంచే తీసుకుపోయారు.

8 అక్టోబరు

వదిలేశారు. ఎడమ చెవిలో దూది పెట్టుకుని ఉన్నాడు. ఆ వైపు నుంచి పిలిస్తే పలకడం లేదు. మళ్ళీ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. మా అక్క, బావ బెదిరించి నాతో అట్లా చెప్పించారు అని.

వాడు ఈ మాట చెప్తుంటే కింద చూస్తున్నాడు. నేనూ కింద చూశాను.

12 అక్టోబరు

వకీలు పిలిపించాడు. మనం వేసిన కాగితం వెనక్కి తీసుకుందాం, లేకపోతే సాక్షిని బెదిరించినందుకు నీ మీద కేసవుతుంది, పిల్ల ఏమవుతుందో చూసుకో అన్నాడు. మొన్న నేను మాట్లాడినట్టు ఈరోజు మాట్లాడలేకపోయాను. తలూపి వచ్చాను.

లింగయ్య సేఠ్ దత్తాత్రిని పనిలోంచి తీసేశాడు. ఇంకెవరూ పెట్టుకోవడం లేదు.

30 అక్టోబరు

శాంత వచ్చి గుమ్మం అవతలే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

“వదినె, నీ మొగడు ఒక్కడు పోయిండు. నా మొగన్ని గూడ పంపినవ్. ఇగ సల్లబడ్డదా నీ కడుపు?”

రేపు పిల్లలతో సహా భివండీకి పోతున్నారట. అక్కడ సాంచాల మీద పని దొరుకుతుందని. పద్మ పరిగెత్తుకుంటూ పోయి అత్తమ్మా అని కొంగు పట్టుకుంటే, శాంత దాని చెయ్యి మెల్లగా విడిపించుకుని పోయింది.

20 నవంబరు

మళ్ళీ గాణగాపూర్ స్టేషన్. ఈసారి అన్నీ చెప్పేశాను. దాచుకునే ఓపిక లేదు.

కోపం చేసుకుంటాడనుకున్నాను. తమ్ముణ్ణి తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“గా మజాక్ చేసింది నేనే గదా” అన్నాడు.

అంతే. రైలెక్కుతుంటే మాత్రం, “బయట ఎవ్వరితోని ఏం మాట్లాడకు చంద్రా. ఇంట్ల గూడ జర సూస్కొని మాట్లాడు” అన్నాడు.

9 జనవరి 1989

అత్తకు దగ్గులో రక్తం పడుతోంది. దవాఖానలో క్షయ అన్నారు. ఎన్నేళ్ళుగానో ఆ పొగాకు దుమ్ము.

15 జనవరి

తల్లిని చూడడానికి కొన్ని రోజులు రానివ్వండి అని కచేరీలో దరఖాస్తు పెట్టుకోవచ్చట. వకీలు రాసిచ్చాడు. డాక్టరు చిట్టీ జత చేశాం. అత్తకు చెప్పాను, నీ కొడుకు వస్తున్నాడని. తల దువ్వమంది.

2 ఫిబ్రవరి

కచేరీకి పోయాను. సాబ్ ఊళ్ళ మీద దౌరాలో ఉన్నాడు.

9 ఫిబ్రవరి

సాబ్ వచ్చాడు. కాగితం ఠాణాకు పోయిందట, వాళ్ళ అభిప్రాయం కోసం.

16 ఫిబ్రవరి

ఠాణాలో రాలేదన్నారు. కచేరీలో పంపామన్నారు. ఇంటికొస్తే అత్త తలుపు వైపే చూస్తూ ఉంది. అడగడం మానేసింది. ఈ దగ్గరలోనే ఉన్నాడు అత్తమ్మా, రైల్లో ఉన్నాడు అన్నాను.

21 ఫిబ్రవరి

అత్త పోయింది. తెల్లవారుజామున.

22 ఫిబ్రవరి

గంగుబాయి అల్లుడు గుల్బర్గా పోయి చెప్పాడు. చాలామంది అనుకున్నారు, ఈయన ఎట్లాగైనా వస్తాడని. శ్మశానం దగ్గర ఇద్దరు పోలీసులు మామూలు బట్టల్లో నిలబడి ఉన్నారు, వాళ్ళూ అట్లాగే అనుకున్నారు. రాలేదు. కులపెద్ద ఒకాయన నిప్పు పెట్టాడు. దూరపు చుట్టం కూడా కాదు.

ఆడవాళ్ళు గొణుక్కున్నారు, తల్లి పోతే రాని కొడుకేం కొడుకని. వస్తే జైలు కదా అని వాళ్ళకు చెప్పలేదు. నా మనసులో కూడా ఎక్కడో అదే మాట ఉంది. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి రాస్తున్నాను. రావాల్సింది. జైలైతే అయింది, రావాల్సింది.

11 మార్చి

పర్మిషన్ వచ్చింది. మూడు రోజులు. రోజూ ఠాణాలో సంతకం పెట్టాలట.

కబురు పంపితే, ఇప్పుడొచ్చి ఏం చూడాలె అని చెప్పి పంపాడు.

జూలై

రాయడానికేం లేదు. పద్మ కూడా బీడీలు చుట్టడం నేర్చుకుంది. దాని చేతులు నాకంటే చురుకు. బడికి పోతోంది, రెండూ చేస్తోంది.

భివండీ నుంచి ఏ కబురూ లేదు. నూలు పున్నమి దగ్గరికొస్తోంది. రాఖీ కొనాలా వద్దా.

17 ఆగస్టు

కొన్నాను. డబ్బాలో పెట్టాను.

14 ఫిబ్రవరి 1990

ఆర్డరు గడువు రెండు రోజుల కిందట తీరింది. ఆయన ఈరోజు వచ్చాడు. తేదీ లెక్కలో ఎక్కడైనా తప్పుంటుందేమో అని ఆగి వచ్చాడట.

గడ్డం నెరిసింది. అత్త మంచం ఉండే చోట కాసేపు నిలబడ్డాడు. పద్మ పెద్దదైపోయింది, దగ్గరికి రావడానికి సిగ్గుపడింది. అన్నం పెడితే గోడవైపు తిరిగి తిన్నాడు. మిల్లులో అట్లా అలవాటైందో ఏమో.

వీధిలో ఎవరిదో మోటారు సైకిలు ఆగితే లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకుని.

26 ఫిబ్రవరి

ఎక్కడా పని లేదు. అన్ని షెడ్లలో ఆయన పేరు తెలుసు.

4 మార్చి

లింగయ్య సేఠ్ కబురు పెట్టాడు. ఆయన పోయాడు. నేను వద్దంటాననుకున్నాను. అనలేదు.

సేఠ్ చాయ్ తాగించి, “మనోడివి గదా సిద్ధరాములు, ఇడిసిపెడ్తనా” అన్నాడట. రేపటి నుంచి పని. సేఠ్ అల్లుడి పేరున ఉన్న ముక్కలో.

ఇది చెప్తున్నప్పుడు ఆయన గొంతులో ఏమీ లేదు. కోపం లేదు, సిగ్గు లేదు. పని దొరికిందని సంతోషం కూడా లేదు.

29 మార్చి

పెద్ద కోర్టులో మా కేసు వచ్చిందని వకీలు చెప్పాడు. గడువు తీరి మనిషి ఇంటికి వచ్చేశాడు కాబట్టి ఇక తేల్చాల్సిందేమీ లేదని మూసేశారట.

“అయితే ఈయన గూండానా కాదా?” అని అడిగాను.

“అది ఎవ్వరు చెప్పలేదమ్మా.”

“ఇంకెవరు చెప్పాలె?”

వకీలు ఈయన వైపు చూశాడు. ఈయన అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. “పోదాం పా, షెడ్డుకు టైమైతుంది” అన్నాడు.

10 మే

సాయంత్రం షెడ్డు నుంచి నలుగురు వచ్చారు. ముందున్నవాడు వెంకటేశ్, సంపు నాడు ఈయన పక్కనే నిలబడిన మనిషి. వాళ్ళు వీధి మలుపు తిరగడం ఈయన కిటికీలోంచి చూశాడు. గబగబా వంటగదిలోకి పోయి, తలుపు వెనక నిలబడి, లేనని చెప్పు అన్నట్టు చెయ్యి ఊపాడు.

“వదినె, అన్న ఉన్నడా?” అన్నాడు వెంకటేశ్. “లింగయ్య సేఠ్ మళ్ళ పదిమందిని తీసేసిండు. ఆదివారం మీటింగ్ పెట్టినం, మన ఘర్కుల్ మైదాన్ల. అన్నను ఏం మాట్లాడమంటలేం. ఊకె వచ్చి ముందట కూసుంటే చాలు. జనానికి ధైర్యముంటది.”

“ఇంట్ల లేడు” అన్నాను.

గుమ్మం పక్కన ఆయన చెప్పులున్నాయి. వెంకటేశ్ వాటిని చూశాడు. మిగిలిన వాళ్ళూ చూశారు. పద్మ ఆకు కత్తిరించడం ఆపి నా వైపు చూసింది.

“సరే వదినె. వచ్చినంక చెప్పుండ్రి” అన్నాడు. గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే నాకు ఇంత బాధ లేకపోయేది.

వాళ్ళు పోయాక కూడా ఆయన చాలాసేపు వంటగదిలోంచి రాలేదు.

13 మే

ఆదివారం. మైదానంలో మైకు పెట్టారు. మాటలు ఇంట్లోకి స్పష్టంగా వినిపించాయి. ఫ్యాక్టరీ చట్టం, ఫండు, ఒకే కప్పు కింద ముక్కలు చేసిన షెడ్డు. ఒకప్పుడు ఈయన చెప్పిన మాటలే, వేరే గొంతులో.

ఆయన లేచి కిటికీ మూశాడు. తలుపు కూడా వేశాడు. సోలాపూర్ మే నెల, రేకుల కింద గది పొయ్యిలా ఉంది. పద్మ నోరు తెరవబోతే నేను వద్దని చెయ్యి పట్టుకున్నాను.

మీటింగ్ అయిపోయేదాకా ముగ్గురం అట్లాగే కూర్చున్నాం.